బస్తర్ విద్యార్థి గోడు వినేదెవరు?

కౌన్సెలింగ్ అన్న మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఎంసెట్ ర్యాంకు కార్డు, ధ్రువపత్రాల కట్ట చేతబట్టుకొని తెల్లవారుజామునే బారులు తీరిన తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ అంటే సీటు. రౌడీషీటర్లను పోలీసుస్టేషనుకు పిలిపించి, హెచ్చరించి పంపడాన్ని కూడా మన పత్రికలు కౌన్సెలింగ్ అనే రాస్తాయి. ఈ రెండూ కాక మూడో అర్థం ఒకటుంది. మనసులోని భారాన్ని నమ్మకస్తుడైన మరొకరి ఎదుట దించుకొని, దారి వెతుక్కోవడం. అసలు అర్థం ఇదే. మన విద్యాసంస్థల్లో అన్నిటికంటె అరుదుగా కనిపించేదీ ఇదే.

ఈ మూడో అర్థానికి సుప్రీంకోర్టు 2025 జూలై 25న చట్టపరమైన బలం చేకూర్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో మరణించిన పదిహేడేళ్ల పశ్చిమ బెంగాల్ బాలిక తండ్రి వేసిన కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు దేశంలోని విద్యాసంస్థలన్నీ వీటికి కట్టుబడి ఉండాలని ఆదేశించింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన ఒక సలహాదారో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఉండి తీరాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారికంగా సంబంధం ఏర్పరచుకోవాలి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కకట్టిన నేపథ్యంలో ఇది ఆలస్యంగానైనా వెలువడిన మంచి ఆదేశం అనడంలో సందేహం లేదు.

ఈ మార్గదర్శకాల్లో మరో ముఖ్యాంశం ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, వికలాంగులు, హింసను లేదా ఆత్మీయుల మరణాన్ని చవిచూసిన పిల్లలు... వీరితో ఎలాంటి వివక్షా లేకుండా, సున్నితంగా మెలగడంలో సిబ్బందికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని న్యాయస్థానం నిర్దేశించింది. అంటే అందరికీ ఒకే గది, ఒకే కుర్చీ, ఒకే ప్రశ్నావళి చూపించి సమానత్వం పాటించామనుకుంటే సరిపోదు. ఎవరు ఏ బరువు మోస్తూ వచ్చారో తెలుసుకొని ఆ మేరకు చేయూత నివ్వడమే సమన్యాయం.

ఢిల్లీలోనో, హైదరాబాదులోనో ఈ ఆదేశాన్ని అమలు జరపడం కొంత సులువు. నిపుణులు దొరుకుతారు, గదులు దొరుకుతాయి. ఇదే ఆదేశం బస్తర్‌కు చేరితే ఏమవుతుంది? మన గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న ఆ గడ్డపై ఒక విశ్వవిద్యాలయం ఇలాంటి సలహా కేంద్రానికి శ్రీకారం చుడితే, దాని బాధ్యత తలకెత్తుకున్న వ్యక్తి మొట్టమొదట ఏం చేయాలి? ఈ ప్రశ్నకు దొరికే సమాధానం ఒక్క బస్తర్‌కే కాదు, మన ఏజెన్సీ ప్రాంతాలకూ వర్తిస్తుంది.

ఒకే బెంచీ మీద రెండు చరిత్రలు

ఒకప్పటి అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998లో మొదలైన విభజనల అనంతరం ఇప్పుడక్కడ బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలున్నాయి. 2008 వరకు ఇక్కడి కళాశాలలు రాయ్‌పూర్‌లోని పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం నీడన నడిచాయి. ఆ ఏడాది జగదల్‌పూర్ కేంద్రంగా బస్తర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. వరంగల్ నుంచి తరలివచ్చిన అన్నమదేవుని వంశంగా ఇక్కడి రాజులు తమను చెప్పుకొన్నారు. పట్టణంలోని ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల నేటికీ కాకతీయ పేరు మోస్తున్నది. తెలుగువారికి బస్తర్ పరాయి నేల కాదనడానికి ఇది చాలు.

విశ్వవిద్యాలయానికి తర్వాతి కాలంలో షహీద్ మహేంద్ర కర్మ పేరు పెట్టారు. 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టులు జరిపిన దాడిలో ఆయన మరణించారు. 2005లో మొదలైన సల్వాజుడుంకు ఆయనే ప్రధాన నాయకుడు. ఆ ఉద్యమం సాగినన్నాళ్లూ దంతెవాడ, బీజాపూర్, సుక్మా ప్రాంతాల్లో వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. సాధారణ గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వినియోగించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది.

ఈ చరిత్రను ఇక్కడ గుర్తు చేయడానికి కారణం ఉంది. ఒకే తరగతి గదిలో, ఒకే బెంచీ మీద, మావోయిస్టుల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న యువకుడూ, జుడుం రోజుల్లో ఇల్లు కాలిపోయిన యువతీ పక్కపక్కనే కూర్చునే అవకాశం బస్తర్‌లో ఉంది. జిల్లా రిజర్వు గార్డు దళంలో పనిచేసే అన్న ఉన్నవాడికీ, ఎన్‌కౌంటరులో అన్నను కోల్పోయినవాడికీ ఒకటే వసతిగృహం కావచ్చు. విశ్వవిద్యాలయం ద్వారం మీది పేరు చదివినప్పుడు వారిద్దరి మనసుల్లో మెదిలే భావం ఒకటి కాజాలదు. 2025 అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టు దళ సభ్యులు లొంగిపోయారు. ఇలా అడవి వీడి వచ్చినవారిలోనూ, వారి తోబుట్టువుల్లోనూ చదువు మధ్యలో ఆగినవారు మళ్లీ పుస్తకం పట్టే రోజు రావాలనే అందరూ కోరుకుంటారు. అప్పుడు తరగతి గది మరింత సంక్లిష్టమవుతుంది.

వైవిధ్యం అంటే ఇక్కడ కేవలం తెగల జాబితా కాదు. మురియా, మాడియా, హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా తెగల పిల్లలున్నారు. దళిత కుటుంబాల పిల్లలున్నారు. 1958లో ప్రారంభమైన దండకారణ్య పథకం కింద పఖాంజూర్ ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ శరణార్థుల మనుమలున్నారు. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. మతం మారిన కుటుంబాల్లో ఎవరైనా మరణిస్తే ఊరి శ్మశానంలో చోటివ్వరాదన్న వివాదం 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఆ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. ఊళ్లో తండ్రి ఖననానికి చోటు దొరకని కుర్రవాడు సోమవారం తరగతికి హాజరైతే, హాజరుపట్టీలో అతని పేరు ఎదుట పడేది ఒక టిక్కు మాత్రమే.

చదువు ఎక్కడ తెగింది?

బస్తర్ విద్యార్థి విశ్వవిద్యాలయం మెట్టెక్కడమే ఒక విజయం. 2011 జనగణనలో దేశ అక్షరాస్యత 73 శాతం. బీజాపూర్ జిల్లాలో అది సుమారు 41 శాతం. ఘర్షణ ముదిరిన రోజుల్లో మావోయిస్టులు పాఠశాల భవనాలను పేల్చివేశారు. మరికొన్నిటిలో భద్రతా దళాలు మకాం వేశాయి. బడులనూ, వసతిగృహాలనూ దళాలు ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు 2011లో ఆదేశించవలసి వచ్చింది. బడులు మూతపడిన గ్రామాల పిల్లలను రహదారుల పక్కన వెదురు, రేకులతో తాత్కాలికంగా నిర్మించిన పోర్టా కేబిన్ ఆశ్రమశాలలకు చేర్చారు. ఆ బడులు వేలాదిమందికి అక్షరాలు నేర్పాయి. అందుకు వాటిని అభినందించవలసిందే. కాని, ఆరేడేళ్ల ప్రాయంలో తల్లి ఒడి విడిచి, తెలియని భాషలో చదువు మొదలుపెట్టి, పండుగలకు మాత్రమే ఇల్లు చూసిన తరం ఒకటి తయారైంది. నేటి కళాశాల విద్యార్థుల్లో ఆ తరంవారు ఉన్నారు.

ఆశ్రమశాలల మీద మరో నీడ కూడా పడింది. 2013 జనవరిలో కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమశాలలో చిన్నారి బాలికలపై జరిగిన లైంగిక అత్యాచారాలు వెలుగుచూసి దేశమంతటా కలకలం రేపాయి. పిల్లలు చెప్పుకోవడానికి ఒక మనిషి లేకపోతే నేరం ఎంతకాలమైనా గోడల మధ్యనే దాగి ఉండగలదని ఆ ఘటన చాటింది. సలహాదారు అవసరం కళాశాలలో మొదలయ్యేది కాదు. అక్కడికి వచ్చేసరికే ఆలస్యమవుతున్నది.

ఏ భాషలో అడగాలి?

ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఊరు సుక్మా జిల్లాలో అడవి లోపల. ఇంట్లో మాట్లాడేది గోండి. సంతలో హల్బీ. తరగతిలో హిందీ. పరీక్షకు చదివే పుస్తకాల్లో సగం ఇంగ్లీషు పదాలు. ఆమెకు నిద్ర పట్టడం లేదు. అన్నం సహించడం లేదు. పాఠం తలకెక్కడం లేదు. సలహా కేంద్రానికి వెళితే, అచ్చయిన ఒక పత్రం ఇచ్చి, గడచిన రెండు వారాల్లో నిరాశకు ఎన్నిసార్లు లోనయ్యారో గడిలో గుర్తు పెట్టమంటారు. ఆమె దుఃఖానికి ఆమె భాషలో వేరే మాట ఉంది. ఆ గడిలో ఆ మాట లేదు. ఆమె ఏదో ఒక గుర్తు పెట్టి బయటపడుతుంది. రికార్డులో మాత్రం ఒక విద్యార్థినికి సేవ అందినట్లే నమోదవుతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు సుమారు 30 లక్షలమంది. హల్బీ మాట్లాడేవారు ఏడున్నర లక్షల పైచిలుకు. ఈ రెండు భాషలూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేవు. గోండి ద్రావిడ భాష. తెలుగుకు దగ్గరి చుట్టం. భాషా శాస్త్రజ్ఞులు రెంటినీ దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోనే చేర్చారు. హల్బీ ఆర్య భాషా కుటుంబానికి చెందినదైనా తెగల మధ్య వారధిగా నిలిచింది. ఈ భాషల్లో వినగల చెవి లేని సలహా కేంద్రం ఎన్ని డిగ్రీలున్నవారిని కూర్చోబెట్టినా మూగదే అవుతుంది.

మనసు కష్టాన్ని ఆ సమాజం తనదైన తీరులో అర్థం చేసుకుంటుందన్న సంగతి కూడా కొత్తగా కనుగొన్నదేమీ కాదు. వెరియర్ ఎల్విన్ 1943లోనే మాడియా తెగలో హత్యలు, ఆత్మహత్యలపై ఒక గ్రంథం వెలువరించారు. కోర్టు రికార్డుల్లో నాలుగు ముక్కల్లో ముగిసిన ఉదంతాల వెనుక కుటుంబ కలహాలు, మద్యం, చేతబడి అనుమానాలు ఎలా పెనవేసుకొని ఉన్నాయో ఆయన వివరించారు. నేటికీ పల్లెలో మనసు చెదిరినవాడిని మొదట తీసుకువెళ్లేది సిరహా దగ్గరికో, గునియా దగ్గరికో. వారిని మూఢులని వెక్కిరించే సలహాదారు దగ్గరికి ఆ కుటుంబం రెండోసారి రాదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ప్రార్థనకు వచ్చినవారికి అక్కడే మందులు కూడా అందేలా చేసిన ప్రయోగం ఈ విషయంలో అనుసరణీయం. మొక్కును కాదనకుండానే మందును చేర్చడం అక్కడ సాధ్యమైంది.

ప్రశ్న అంటేనే భయం

భాష కంటె కఠినమైన అడ్డంకి మరొకటుంది. అది నమ్మకం. నీది ఏ ఊరు, మీ ఊరికి ఎవరెవరు వచ్చిపోతారు, మీ అన్న ఎక్కడున్నాడు అన్న ప్రశ్నలు బస్తర్ పల్లెల్లో రెండు దశాబ్దాలపాటు ప్రాణాల మీదికి తెచ్చిన ప్రశ్నలు. పగలు పోలీసులు అడిగారు. రాత్రి దళాలు అడిగాయి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రపడి మావోయిస్టుల చేతిలో హతులైనవారున్నారు. మావోయిస్టు అన్న ముద్రపడి ఏళ్లతరబడి జైళ్లలో మగ్గినవారున్నారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు బలయ్యారు. ఆ కేసులో నిందితులైన 121 మంది ఆదివాసీలు నిర్దోషులని 2022 జూలైలో దంతెవాడ న్యాయస్థానం తేల్చేసరికి అయిదేళ్లు గడిచిపోయాయి. అలాంటి ఇళ్లనుంచి వచ్చిన పిల్లవాడు ఒక అధికారిక గదిలో, నోటు పుస్తకం తెరిచి పెట్టుకున్న అపరిచితుడి ఎదుట తన ఇంటి సంగతి ఎందుకు చెబుతాడు?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారికి గోప్యత హక్కు ఇచ్చింది. 23వ సెక్షను ఆ హక్కుతోపాటే కొన్ని మినహాయింపులనూ పేర్కొన్నది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరిగే ప్రమాదం ఉన్నప్పుడు, న్యాయస్థానాలు ఆదేశించినప్పుడు వివరాలు వెల్లడించవచ్చు. ప్రజా భద్రత దృష్ట్యా కూడా వెల్లడించవచ్చు. ఇతర ప్రాంతాల్లో ఈ చివరి మినహాయింపు కాగితం మీది అక్షరం మాత్రమే కావచ్చు. బస్తర్‌లో ఆ ఒక్క మాటే విద్యార్థి నోరు కట్టేయగలదు. ఎవరు అడిగితే, ఎలాంటి లిఖితపూర్వక ఉత్తర్వు చూపితే, ఎవరి అనుమతితో వివరాలు బయటికి వెళతాయో విశ్వవిద్యాలయం ముందుగానే రాతలో పెట్టి, విద్యార్థి భాషలో చదివి వినిపించవలసి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే ఫిర్యాదు చేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ సంగతి కూడా మొదటి మాటల్లోనే చెప్పాలి. దాచిపెట్టి చెప్పించుకున్న మాట ద్రోహమవుతుంది.

కన్నీటికి కారణం కాగితమైతే

కౌన్సెలింగ్ పేరిట అన్యాయాన్ని రోగంగా మార్చేస్తారన్న విమర్శ ఒకటుంది. ఈ విమర్శను కొట్టిపారేయలేము. ఉపకార వేతనం అందక మెస్సు బకాయి పడ్డ విద్యార్థికి ప్రాణాయామం నేర్పి పంపితే అది సలహా కాదు, ఎగతాళి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నప్పుడు వసతిగృహం నుంచి బహిష్కరణతోపాటు నెలలతరబడి అందని ఫెలోషిప్పు కూడా చర్చకు వచ్చింది. 2019 మే 22న ముంబైలో ఆదివాసీ వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ మరణించింది. కుల వివక్ష వేధింపుల ఆరోపణలపై ఆ కేసు నడిచింది. ఈ ఇద్దరి తల్లులూ కలిసి 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

ఉన్నత విద్యాసంస్థల్లో సమన్యాయం కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2012లోనే నిబంధనలు చేసింది. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని వాటిలో ఉంది. ఆ తల్లుల కేసు నేపథ్యంలో 2026 జనవరి 13న కొత్త నిబంధనలు వెలువడ్డాయి. దేశవ్యాప్తంగా వాదవివాదాలు చెలరేగాయి. అదే నెల 29న సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేస్తూ, 2012 నిబంధనలనే కొనసాగించాలని ఉత్తర్వు ఇచ్చింది. నిబంధనల రూపు ఏదైనా మూల ప్రశ్న మారదు. ఫిర్యాదు స్వీకరించే అధికారీ, మనసు విప్పి మాట్లాడుకునే సలహాదారూ ఒకరే అయితే విద్యార్థి రెండు చోట్లా మౌనం వహిస్తాడు. ఇద్దరూ వేరువేరుగా ఉండాలి. ఒకరి గది నుంచి మరొకరి గదికి దారి మాత్రం తెరిచి ఉండాలి. సలహాదారు విద్యార్థి చేయి పట్టుకొని ఉపకార వేతనాల గుమాస్తా బల్ల దాకా నడవగలగాలి.

కుల ధ్రువపత్రం సంగతే చూడండి. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నవారు మరో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ గుర్తింపు చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మర్రి చంద్రశేఖరరావు కేసులో స్పష్టం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఆ తెలుగు విద్యార్థి బొంబాయి వైద్య కళాశాలలో రిజర్వు సీటు కోరగా తలెత్తిన కేసు అది. ఆ సూత్రం నేడు బస్తర్ నుంచి తెలంగాణ అడవులకు వచ్చిన గుత్తికోయల బిడ్డల మెడకు చుట్టుకుంది. ఇక్కడ వారికి ధ్రువపత్రం దొరకడం కష్టం. అక్కడికి తిరిగి వెళితే ఊరే లేదు. ఇలాంటి విద్యార్థికి కలిగే దిగులును మందుబిళ్లతో పోగొట్టలేము.

వినేవారిని ఎక్కడినుంచి తేవాలి?

నిపుణులు లేరన్న సాకు తప్పకుండా వినిపిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం బిలాస్‌పూర్ సమీపంలోని సేంద్రీలో ఉంది. జగదల్‌పూర్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు. కోంటా నుంచి లెక్కిస్తే మరో 180 కిలోమీటర్లు కలపాలి. కోంటా వాసికి భద్రాచలమే దగ్గర.

అయితే ఈ కొరతకు లోకం ఇప్పటికే ఒక ఉపాయం కనిపెట్టింది. కోటికి పైగా జనాభా ఉన్న జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కించదగినంతమంది. అక్కడ డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బెంచీలు వేయించి, ఊరి అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి వాటిమీద కూర్చోబెట్టారు. వారు జబ్బు పేర్లు వాడలేదు. అతిగా ఆలోచించడం అన్న అర్థమిచ్చే సొంత షోనా మాటతోనే సంభాషణ మొదలుపెట్టారు. ఈ పద్ధతి ఫలితాలనిచ్చిందని 2016లో ప్రముఖ వైద్య పత్రికలో అచ్చయిన పరీక్ష నిరూపించింది. మన గోవాలోనూ సంగత్ సంస్థ మానసిక వైద్యులు కాని సాధారణ వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటుకు గురైనవారికి ఊరట కలిగించవచ్చునని 2010లో రుజువు చేసింది.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ ఆలోచన పరాయిది కాదు. ఆశా కార్యకర్తల పథకం దేశానికి రాకమునుపే, 2002లో, ఆ రాష్ట్రం ఊరి మహిళలనే మితానిన్‌లుగా ఎంచుకొని ఆరోగ్య బాధ్యత అప్పగించింది. విశ్వవిద్యాలయం కూడా అదే బాట పట్టవచ్చు. మానవశాస్త్రం, సామాజిక సేవ విభాగాలు అక్కడ ఉన్నాయి. గోండి, హల్బీ, ధుర్వీ, దోర్లీ మాట్లాడే పట్టభద్రులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, గౌరవప్రదమైన జీతంతో నియమించాలి. ఉచిత సేవ పేరిట ఆదివాసీ యువత చేత వెట్టి చేయించడం సమన్యాయం అనిపించుకోదు. వారి వెనుక జగదల్‌పూర్ వైద్య కళాశాల డాక్టర్లు నిలవాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ వైద్యులకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ నిపుణులు దూరశిక్షణ ఇచ్చిన అనుభవం ఉండనే ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 నంబరుపై ఏ వేళనైనా అందుతుంది. ఆత్మహత్య ఆలోచనలు వెంటాడేవారికీ, వారి స్నేహితులకూ ఆ నంబరు తెలిసి ఉండటం ఎంతైనా అవసరం.

నాయకత్వానికి పరీక్ష

ఇలాంటి కార్యక్రమానికి సారథ్యం వహించే వ్యక్తి గొప్ప పండితుడు కానక్కరలేదు. మొదటి ఆరు నెలలు గదిలో కూర్చోకుండా వసతిగృహాల మెట్లెక్కగలిగితే చాలు. ఎంతమంది వచ్చారన్న లెక్కకంటె ఎవరు రాలేదన్న లెక్క తీయాలి. ఏ తెగ పిల్లలు, ఏ జిల్లా పిల్లలు, అందులో ఎందరు ఆడపిల్లలు చదువు మధ్యలో మానేశారో చూడాలి. గోప్యత నియమాన్ని ఉపకులపతి సంతకంతో సాధించుకోవాలి. సలహా కేంద్రం ఆవరణలోకి ఏ యూనిఫారమూ పిలవకుండా రాకూడదన్న నియమం ఉండాలి. పునరావాసం, భద్రత ప్రభుత్వ బాధ్యతలే. వాటిని నెరవేర్చడానికి వేరే కార్యాలయాలున్నాయి. విద్యార్థి మాట్లాడుకునే గదిని కూడా అందులో భాగం చేస్తే అటు సమాచారమూ దక్కదు, ఇటు విద్యార్థీ దక్కడు.

మరో నియమం ముఖ్యం. ఎవరి దుఃఖం న్యాయమైనదో తేల్చే పని సలహాదారుది కాదు. జవాను బిడ్డకూ, దళ సభ్యుడి చెల్లెలికీ ఒకే ఓపికతో చెవి ఒగ్గాలి. పక్షపాతం ఉందన్న అనుమానం ఒక్కసారి పొడసూపితే ఆ తలుపు ఇక ఎవరూ తట్టరు. చరిత్రకు తీర్పు చెప్పడానికి న్యాయస్థానాలున్నాయి, చరిత్రకారులున్నారు. పందొమ్మిదేళ్ల విద్యార్థిని రాత్రి నిద్రపోగలిగేలా చేయడం అంతకంటె చిన్న పనేమీ కాదు.

ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు ప్రేక్షకుల్లా ఉండటానికి వీల్లేదు. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తున్నది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. బస్తర్ నుంచి వచ్చిన గుత్తికోయల గూడేలు ఆ ములుగు జిల్లాలోనే ఉన్నాయి. కోయ, గోండి, కువి, సవర భాషల పిల్లలు మన తరగతుల్లోనే కూర్చుంటున్నారు. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఒక సలహాదారు పేరు బోర్డు మీద రాయించడం ఒక్క రోజు పని. ఆ సలహాదారుకు విద్యార్థి భాష వచ్చేలా చూడటం, ఆ గదిపై నమ్మకం కుదిరేలా చూడటం ఏళ్లు పట్టే పని. మొదటి పని చేసి రెండోదాన్ని మరిచిపోయే అలవాటు మనకు బాగా ఉంది.

సుక్మా అడవుల్లోనుంచి వచ్చినట్లు మనం ఊహించుకున్న విద్యార్థిని మళ్లీ ఆ గది ముందుకు వచ్చి నిలుచుంటే ఏం వినబడాలి? ఏ ఊరు నీది అన్న ప్రశ్న కాదు. సీటు సంగతి కాదు, హెచ్చరిక అంతకంటె కాదు. లోపలికి రమ్మని ఆమె తల్లి పిలిచే భాషలో ఒక పిలుపు. బస్తర్‌లో కౌన్సెలింగ్ అన్న మాటకు మూడో అర్థం స్థిరపడేది ఆ రోజునే.